ఒక్క గుమ్మానికి ఇరవై ముగ్గురు

గురువారం సాయంత్రం నోరు మూసుకున్న పెన్కా, ఆదివారం పొద్దెక్కినా తెరవలేదు.

అసలు మాట్లాడడం లేదని కాదు. కుక్కతో మాట్లాడుతోంది, కోళ్ళను తిడుతోంది, గోడవతల ఎవరు పోతున్నా పిలిచి మరీ పలకరిస్తోంది. కోడలు బిలియానాతో మాత్రమే మాటల్లేవు. చెప్పక తప్పని సంగతైతే మొగుడితో చెబుతుంది, ఆ కోడలు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే.

"స్పాస్, ఆ మిరపకాయలు కాలింది చాలు. తీయమను."

స్పాస్ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కాలిన కాయల తొక్క ఒలుస్తున్నాడు. మార్చిలో గుండెపోటు వచ్చి బయటపడ్డాక ఆయనకు ఇంట్లో మిగిలిన పని అదొక్కటే.

"తీయమంటోందమ్మా," అన్నాడు.

"వినబడింది మామయ్యా."

"వినబడిందట."

"నాకూ వినబడింది," అంది పెన్కా, గోడకేసి చూస్తూ.

సెప్టెంబరు చివరి ఆదివారం. మా ఊరు కామెన్ దోల్‌లో ప్రతి పెరట్లోనూ ఇదే పొగ, ఇదే వాసన. చలికాలానికి ల్యూతెనిత్సా పచ్చడి ఇప్పుడు సీసాల్లోకి ఎక్కకపోతే ఇక ఎక్కదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత అలిగినా మిరపకాయల పనికి మాత్రం కలిసి కూర్చుంటారు. అరవై కిలోల ఎర్ర కాయలు ఎవరి అలక తీరేదాకానూ ఆగవు మరి.

బిలియానా కరెంటు పొయ్యి మూత తీసి, నల్లగా కాలిన కాయలను పటకారుతో గిన్నెలో వేసింది. వేళ్ళు చురుక్కుమన్నా అబ్బా అనలేదు. ఈ ఇంట్లో ఇప్పుడు అబ్బా అన్నా అది ఎవరో ఒకరి మీద ఫిర్యాదు అవుతుంది.

గొడవంతా ఒక కాగితం దగ్గర మొదలైంది. జిల్లా పట్నంలో పెన్కా చెల్లెలు దోరాకు ఒక ఫ్లాట్ ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. అమ్మేద్దామని ఆవిడ మున్సిపాలిటీకి వెళ్ళి, తన చిరునామా మీద ఎవరెవరు నమోదై ఉన్నారో జాబితా తీసుకుంది. గురువారం బిలియానా భర్త ఓగ్న్యాన్ పిన్ని ఇంటి నుంచి సీసా మూతల పెట్టె మోసుకొచ్చాడు. మూతల అడుగున ఆ జాబితా.

ఇరవై ముగ్గురు. అంతా కామెన్ దోల్ వాళ్ళే. బిలియానా నిలబడే చదివింది. పక్కింటి వెస్కా, ఆవిడ కూతురు. బేకరీ వాళ్ళు ముగ్గురు. వడ్రంగి కొడుకూ కోడలూ. చివర్న అత్తగారు, మామగారు. ఆ కింద తన మొగుడు. ఆ కింద ఆరేళ్ళ తన కూతురు రాయా.

మూడు వారాలుగా ఈ బిలియానా ఊరంతా తిరిగి ఇంటింటికీ చెబుతున్నదేమిటో తెలుసా? మీరు నిజంగా ఎక్కడ ఉంటున్నారో అక్కడే నమోదు చేసుకోండి, అని. తన ఇల్లు వదిలేసి!

ఆమె పనిచేసే సంస్థ పేరు 'తెరిచిన సొరుగు'. పట్నంలో మందుల షాపు పైన రెండు గదుల్లో నలుగురు మనుషులు. ఆఫీసుల సొరుగుల్లో జనానికి చూసే హక్కున్న లెక్కలు బోలెడుంటాయి. వాటిని ఎలా అడగాలో, అడిగి తెచ్చుకున్నాక ఎలా చదవాలో, చదివి ఎవరి ముందు పెట్టాలో ఊళ్ళ వాళ్ళకు నేర్పడం వాళ్ళ పని. కామెన్ దోల్ అంబులెన్స్ కేంద్రం ఎత్తేస్తారన్న కబురు కూడా అలా ఒక సొరుగులోంచే బయటపడింది. ఊళ్ళో నమోదైన జనం వెయ్యికి తగ్గితే కేంద్రం ఉండదు. సోమవారం సాయంత్రం నాలుగింటికి గ్రామ కార్యాలయం పుస్తకంలో ఎంతుంటే అంతే లెక్క.

బిలియానా కరెంటు మీటర్ల లెక్క తెచ్చింది. చలికాలంలో రోజుకెన్ని రొట్టెలు అమ్ముడవుతాయో తెచ్చింది. పదకొండు వందల మందికి తక్కువ లేరని రాసిచ్చింది. ఆరోగ్య శాఖ ఒక్క ముక్కలో జవాబిచ్చింది: రొట్టెలను నమోదు చేయరు, మనుషులనే చేస్తారు.

ఇవాళ్టికి పుస్తకంలో తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది. ఆ ఇరవై ముగ్గురిలో ఒకడు స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కోస్తున్నాడు, వాడు రాడు. మిగిలిన ఇరవై ఇద్దరూ తిరిగొస్తే సరిగ్గా వెయ్యి. ఒక్కరు తగ్గినా కుదరదు.

జాబితా చేతిలోనే ఉంది కదా, పోయి తలుపులు తట్టొచ్చు కదా అంటారేమో. అక్కడే చిక్కు. లెక్క అందరిదీ, పేరు మాత్రం ఆ మనిషిదే. సంస్థలో చేరిన రోజు నుంచీ బిలియానా పదిమందికీ చెబుతున్న మాట అది. మూతల పెట్టెలో దొరికిన పేర్లు పట్టుకుని జనాన్ని నిలదీయడం ఆమె వల్ల కాదు. పట్నం బడుల కోసం, ఆసుపత్రుల కోసం వాళ్ళను ఆ ఫ్లాటు చిరునామా మీద చేర్చింది పెన్కా. వెనక్కి పిలవగలిగింది కూడా పెన్కాయే.

ఆ మాట అడిగిన గురువారం నుంచీ ఆ పెన్కా గోడతో మాట్లాడుతోంది.

"అత్తయ్యా," అంది బిలియానా, "రేపు సాయంత్రం నాలుగు దాకానే గడువు."

పెన్కా కత్తితో ఒక కాయ తొడిమ కోసింది. ఇంకో కాయ అందుకుంది.

"మీ పేరు ఎక్కడా రాదు. ఎవరి పేరూ రాదు. ఒకే చిరునామాలో ఇంతమంది అని అంకె కూడా నేను బయట పెట్టను. మీరొక్కసారి వాళ్ళతో చెప్తే..."

"స్పాస్, ఉప్పు ఎక్కడ పెట్టావు?"

"నీ ఎదురుగానే ఉంది."

"అయితే సరే."

గేటు చప్పుడైంది. పక్కింటి వెస్కా లోపలికొచ్చింది. పట్నంలో బట్టల కుట్టు ఫ్యాక్టరీలో పని ఆమెకు. పొద్దున బస్సెక్కుతూ కూతుర్ని తీసుకెళ్ళి అక్కడి నర్సరీలో దింపి, సాయంత్రం తీసుకొస్తుంది. ఖాళీ గిన్నె కోసం వచ్చానంటూనే కూర్చుంది. చూపంతా బిలియానా మీదే.

"పిన్నీ, ఏదో జాబితా బయటపడిందట కదా," అంది పెన్కాతో.

పెన్కా చేయి ఆగింది. "ఎవరన్నారు?"

"దోరమ్మే ఫోన్ చేసింది. ఇల్లు అమ్ముకోవాలి, అందరూ ఖాళీ చేయండి అంటుంది. నేనెప్పుడున్నానమ్మా ఖాళీ చేయడానికి, అన్నాను." వెస్కా నవ్వింది, ఆ నవ్వు వెంటనే పోయింది. "నవ్వులాట కాదు పిన్నీ. ఆ చిరునామా పోతే మా పిల్లకు నర్సరీలో చోటు పోతుంది. ఇక్కడి నర్సరీ పన్నెండింటికి మూసేస్తారు. పన్నెండింటికి నేను మిషను వదిలేసి వస్తే రేపట్నుంచి రానక్కర్లేదంటారు. ఏం చేయమంటావు బిలియానా, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

బిలియానా పటకారు కింద పెట్టింది. "నీ సంగతి నాకు తెలుసు వెస్కా. తేలిక కాదు."

"తేలిక కాదని తెలిసీ మా గేటు ముందు కాగితాలు పట్టుకు నిలబడ్డావు మూడుసార్లు. మీ రాయా మాటేమిటి? ఆ పిల్ల ఎక్కడుందో పుస్తకంలో?"

పొయ్యిలో ఒక కాయ టప్‌మని పేలింది.

వెస్కా గిన్నె తీసుకోకుండానే వెళ్ళిపోయింది. గేటు పడ్డాక పెన్కా కత్తి బల్ల మీద విసిరింది. నాలుగు రోజుల మౌనం అప్పుడు బద్దలైంది.

"చల్లబడిందా కడుపు? ముప్పయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరి పిల్లకు చదువు కావాలన్నా, ఎవరికి పెద్దాసుపత్రి డాక్టరు కావాలన్నా నా దగ్గరికే వచ్చారు. నేనే చేయిపట్టుకుని దోరా దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరి దగ్గరైనా ఒక్క కోడిగుడ్డు తీసుకున్నానా? నీ మొగుడు ఇంజనీరయ్యాడే, ఇక్కడి బడిలో కూర్చుని అయ్యాడనుకున్నావా? ఆ గుమ్మం వల్ల అయ్యాడు!"

"మీరు చెడ్డపని చేశారని నేననలేదు అత్తయ్యా."

"అనలేదు! అంకె మాత్రమే అంటావు. అంకెకు ముఖం ఉండదా? ఇరవై ముగ్గురు అనగానే ఊరు ఊరంతా తిరిగి నా గుమ్మం వైపే చూస్తుంది. ఈ ఊళ్ళో జనం లేరని రాసింది ఎవరయ్యా అంటే పెన్కా, అంటారు."

"ఇప్పుడు వెనక్కి పిలిస్తే, కేంద్రాన్ని నిలబెట్టింది పెన్కా అంటారు."

"నీ తీపి మాటలు నాకొద్దు!"

స్పాస్ ఒళ్ళోని పళ్ళెం తీసి కింద పెట్టాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. బిలియానా చేయందించబోతే వద్దన్నాడు.

"పెన్కా, మార్చిలో నేను ఇక్కడే పడిపోయాను," అన్నాడు. "ఇదిగో, ఈ పొయ్యి ఉన్న చోట. బడి పక్క నుంచి అంబులెన్స్ ఆరు నిమిషాల్లో వచ్చింది. పట్నం నుంచైతే కనుమ దిగి రావడానికి యాభై నిమిషాలు. పుస్తకంలో నేను నీ చెల్లెలి ఫ్లాటులో కూర్చుని టీ తాగుతున్నానట. నన్ను బతికించింది ఆ ఫ్లాటు కాదు."

అంతే అన్నాడు. చేతులు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఒలిచే కాయలు వదిలేసి లేచిపోవడం పెన్కా ఎప్పుడూ చూడలేదు. ఆ తరవాత ఆమె కుక్కతో కూడా మాట్లాడలేదు.

ఓగ్న్యాన్ మధ్యాహ్నం వచ్చాడు. వస్తూనే వాతావరణం చూసి, సీసాలు దించే వంకతో సామాన్ల కొట్టులోకి తప్పుకున్నాడు. బిలియానా వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"రేపు నువ్వు రావాలి. మన రాయా కాగితాలు తీసుకుని."

"ఇప్పుడు కాదు బిలీ."

"గురువారం నుంచీ ఇదే మాట. ఇంకెప్పుడు?"

అతను ఒక సీసా వెలుతురుకెత్తి చూశాడు, పగులేమైనా ఉందా అని. "దాని బడి వచ్చే సెప్టెంబరులో. ఆ బడిలో చోటుకు మూడేళ్ళు అక్కడ నమోదై ఉండాలి. రెండేళ్ళ పది నెలలైంది. ఇంకో రెండు నెలలు. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"నాకు చెప్పకుండా చేశావు."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"అందుకే చెప్పలేదు."

"ఇద్దరి సంతకాలూ కావాలి కదా? నా సంతకం ఎవరు పెట్టారు?"

ఓగ్న్యాన్ తల దించుకున్నాడు. "నువ్వే. టీకాల కాగితాల మధ్యలో పెట్టాను. నువ్వు ఫోనులో ఎవరికో చెబుతున్నావు, చదవకుండా దేని మీదా సంతకం పెట్టకండి అని. చెబుతూనే నాలుగింటి మీదా పెట్టేశావు."

బిలియానాకు కోపం కన్నా ముందు సిగ్గేసింది. సిగ్గు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఊళ్ళ వాళ్ళకు కాగితం చదవడం నేర్పుతున్న మనిషి! నాకైతే నవ్వొస్తుంది గానీ, ఆ కొట్టులో ఆ నిమిషాన నవ్వడానికి ఎవరికీ మనసొప్పదు.

"మీ నాన్న సంగతి?" అంది చివరకు.

"నాన్న సంగతి నాకు తెలియదనుకుంటున్నావా? నువ్వు ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటున్నావు. నేను ఎంచుకోలేక నోరు మూసుకున్నాను. నువ్వు మాత్రం ఎంచుకున్నావు, ఊళ్ళో అందరి తరఫునా."

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. ఆ రోజు నలభై సీసాల పచ్చడి తయారైంది. ఎవరూ రుచి చూడలేదు.

సోమవారం తెల్లవారేసరికి పెన్కా ఇంట్లో లేదు. మంచం సర్దేసి ఉంది, పెళ్ళిళ్ళకు వేసుకునే నల్ల కోటు కొక్కేనికి లేదు. ఓగ్న్యాన్ అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. స్పాస్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"చెల్లెలి దగ్గరికి పోయిందా మామయ్యా?"

"ఏమో. నాతోనూ మాటల్లేవు కదా."

బిలియానా ఎనిమిదిన్నరకు గ్రామ కార్యాలయానికి వెళ్ళేసరికి మెట్ల మీద పెన్కా నిలబడి ఉంది. వెనక బేకరీ వాళ్ళు ముగ్గురూ, వడ్రంగి కొడుకూ కోడలూ. అందరూ ముఖాలు గంటుపెట్టుకునే ఉన్నారు. పెన్కా కోడలి వైపు చూడలేదు. తలుపు తీయగానే గుమాస్తా మగ్దా బల్ల ముందుకు పోయి గుర్తింపు కార్డు పెట్టింది.

"నేను కామెన్ దోల్‌లో ఉంటున్నాను," అంది, ఊరంతటికీ వినబడేలా. "ఇరవై ఏళ్ళ వయసు నుంచీ ఇక్కడే ఉంటున్నాను. అలాగని రాయి."

మగ్దా కళ్ళజోడు సర్దుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నట్టు పిన్నీ?"

"అది కూడా రాయాలా?"

"అక్కర్లేదు. ఇప్పుడెక్కడున్నారో అదే రాస్తాను."

పెన్కా సంతకం పెట్టి, స్పాస్ కోసం మగ్దా ఇచ్చిన కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది, ఇంటికెళ్ళి సంతకం పెట్టించడానికి. అప్పుడు మొదటిసారి బిలియానా ముందు ఆగింది.

"నేను పంపిన వాళ్ళను నేనే తెస్తాను. నువ్వు ఎవరి గుమ్మం తొక్కకు. తిట్లు నావి."

తిట్లు తిన్నది కూడా. పదకొండింటికి ఎవరో ఆమె ముఖం మీదే తలుపు వేశారని కబురొచ్చింది. పన్నెండింటికి ఆ తలుపు వేసినవాళ్ళే కార్డులు పట్టుకుని వచ్చారు. బిలియానా మూలన కుర్చీలో కూర్చుని, వచ్చిన వాళ్ళకు ఫారాలు చదివి వినిపించింది, ఒక్కో గడి దగ్గరా ఆగి. రెండున్నరకు వెస్కా వచ్చింది, ఫ్యాక్టరీలో సగం రోజు సెలవు పెట్టి. ఏమీ అడగలేదు. బిలియానా అందించిన పెన్నుతో తన కాగితం మీద సంతకం పెట్టింది. పిల్ల కాగితం మీద పెడుతూ ఏడ్చింది, కళ్ళు తుడుచుకోకుండానే పూర్తి చేసింది. అయిపోయాక కూడా వెళ్ళలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

మూడింటికి మగ్దా పుస్తకం చూసి చెప్పింది. "తొమ్మిది వందల తొంభై ఎనిమిది."

గదిలో పదిమంది ఉన్నారు. మిగిలిన ఇద్దరూ ఎవరో పెన్కాకు తెలుసు, వెస్కాకు తెలుసు. కాసేపట్లో అందరికీ తెలిసిపోయింది. బిలియానా ఓగ్న్యాన్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మూడోసారికి ఫోన్ ఆపేసి ఉంది. పెన్కా కోటు విప్పి కుర్చీకి తగిలించింది, మళ్ళీ తీసి వేసుకుంది. "వాడు నా కొడుకు," అంది ఎవరూ అడగకుండానే. "వస్తాడు."

పావు తక్కువ నాలుగింటికి వచ్చాడు. పని బట్టల్లోనే ఉన్నాడు. ఎవరినీ పలకరించకుండా బల్ల దగ్గరికి పోయి తన కార్డు పెట్టాడు, సంతకం చేశాడు. మగ్దా రాసుకుని, "తొమ్మిది వందల తొంభై తొమ్మిది," అంది గొణుగుతున్నట్టు.

ఓగ్న్యాన్ జేబులోంచి రాయా పుట్టిన తేదీ పత్రం తీశాడు. మగ్దా ఇచ్చిన ఫారం నింపాడు, చాలా నెమ్మదిగా, అక్షరం అక్షరం. కింద తండ్రి గడిలో సంతకం చేశాడు. ఫారాన్ని తిప్పి, బల్ల మీద జరుపుతూ భార్య ముందు పెట్టాడు.

"పూర్తిగా చదువుకో," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. "ఈసారి చదివే పెట్టు. నాది అయింది. వద్దని నేననను. కానీ రెండు నెలల్లో దొరికే చోటు ఎందుకు పోయిందో దానికి నువ్వే చెప్పాలి. నేను చెప్పలేను."

బిలియానా చదివింది. కూతురి పేరు, పుట్టిన ఊరు, పాత చిరునామా, కొత్త చిరునామా. మూడు వారాల్లో ఇలాంటి ఫారాలు యాభై దాకా తన చేత్తో జనం ముందు పెట్టింది. ఇక్కడ పెట్టండి, ఇంతే, అయిపోతుంది, అని వేలితో గడి చూపించింది. అదే గడి. పొద్దున తాను బయల్దేరేటప్పుడు రాయా, పట్నంలో బడిలో పియానో ఉందటమ్మా, అని చెప్పిన మాట గుర్తొచ్చింది. పియానో సంగతి ఎవరు చెప్పారని తాను అడగనే లేదు.

ఆమె పెన్ను తీసుకుంది. చేయి గడి దాకా పోయి ఆగింది.

మగ్దా గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. పెన్కా నోటికి కోటు అంచు అడ్డం పెట్టుకుంది. ఓగ్న్యాన్ కిటికీ వైపు తిరిగాడు.

గోడ దగ్గర నుంచి వెస్కా రెండడుగులు ముందుకు వేసింది. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. వంగి ఫారం చూసింది, ఆ తరవాత బిలియానా ముఖంలోకి చూసింది.

"ఏం బిలియానా," అంది, "నాకు ఇచ్చిన పెన్నే కదా. బాగానే రాసిందే."